అంకెల నడక – బైట్ల వరుస: పట్టిసీమ పరిసరాల ఆధారాలతో బైనరీ ఫైళ్ల పొందికపై చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఒక కంప్యూటర్ రాసిన బైనరీ ఫైలును వేరొక నిర్మాణం గల ప్రాసెసర్ తప్పు లేకుండా చదవగలగాలంటే, అంకెలను ఏ వరుసలో నిలిపారో రాసినవారికీ చదివేవారికీ ఒకే అవగాహన ఉండాలి. ఈ సమస్య కంప్యూటర్లతో పుట్టినది కాదు. గోదావరి సీమలో లభించిన 11వ శతాబ్దపు తామ్రశాసనంలోని శకవర్ష గణనలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. కోరుమిల్లి శాసనం, షాద్‌నగర్‌లో అందుకొన్న ఉపగ్రహ చిత్రాలు, పట్టిసీమ ప్రాంతపు ఎత్తుల ఫైలు, ‘పట్టిసీమ’ అనే పేరు యంత్రంలో నిలిచే తీరు – ఈ నాలుగు ఆధారాలతో అంకెల వరుసకు సంబంధించిన నియమం పత్రం వెలుపల ఉన్నప్పుడు ఏమవుతుందో, పత్రం లోపల ఉన్నప్పుడు ఏమవుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: పట్టిసీమ, భూతసంఖ్యలు, కోరుమిల్లి శాసనం, బైట్ల వరుస, బైనరీ ఫైలు, ఉపగ్రహ సమాచారం, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం

పాపికొండల ఇరుకు దాటి గోదావరి విశాలమయ్యే చోట, పోలవరం మండలంలో ఉంది పట్టిసీమ. నదీమధ్యంలోని గుట్టపై వీరభద్రస్వామి ఆలయం వల్ల ఆ పేరు ప్రసిద్ధం. 24 పంపులతో గోదావరి నీటిని పోలవరం కుడికాలువలోకి ఎత్తి కృష్ణానదికి చేర్చే ఎత్తిపోతల పథకం 2015లో ప్రారంభమైన తరువాత ఆ ప్రసిద్ధి మరింత పెరిగింది. ఎత్తిపోతలైనా, ఆనకట్ట అయినా, ముంపు లెక్క అయినా నేల ఎత్తు, నీటి మట్టం అనే అంకెలపై ఆధారపడతాయి. ఆ అంకెలు నేడు కాగితంపై కంటే కంప్యూటర్ ఫైళ్లలోనే ఎక్కువగా నిలిచి ఉన్నాయి.

అక్షరాలతో రాసిన ఫైలును మనిషి తెరచి చూసి తప్పుపట్టగలడు. బైనరీ ఫైలులో ఆ వీలు లేదు. అందులో ఉన్నవి కేవలం 0 నుంచి 255 వరకు విలువ గల బైట్లు. ఏ బైటు ఏ స్థానానికి చెందినదో ఫైలు తనంతట తాను చెప్పదు. కనుక బైనరీ ఫైళ్ల పొందిక యంత్రాలకు సంబంధించిన విషయమే కాక, పత్రాన్ని చదివే సంప్రదాయానికి సంబంధించిన విషయం కూడా అవుతుంది. ఆ సంప్రదాయానికి తెలుగు నేలపై సుదీర్ఘ చరిత్ర ఉంది.

2. తామ్రశాసనంలో అంకెల వరుస

రాజమహేంద్రవరం నుంచి పాలించిన తూర్పు చాళుక్య ప్రభువు రాజరాజనరేంద్రుని పట్టాభిషేక కాలాన్ని కోరుమిల్లి తామ్రశాసనం తెలుపుతుంది. అక్కడ శకవర్షం అంకెల్లో కాక భూతసంఖ్యల్లో, అంటే సంఖ్యలకు సంకేతాలైన పదాల్లో చెప్పబడింది. వేదాలు 4, అంబురాశి అంటే సముద్రం గనుక 4, నిధులు 9. పదాలు వచ్చిన క్రమంలో రాస్తే 449 అవుతుంది. కాని భూతసంఖ్యల సంప్రదాయంలో మొదటి పదం ఒకట్ల స్థానానిది, రెండవది పదుల స్థానానిది, మూడవది వందల స్థానానిది. అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అందువల్ల ఆ సంవత్సరం శక 944, అనగా క్రీ.శ. 1022.

వరుస తెలియని పాఠకుడు దీనిని శక 449గా గ్రహిస్తే పట్టాభిషేకం క్రీ.శ. 527 ప్రాంతానికి జరుగుతుంది. అప్పటికి వేంగిలో తూర్పు చాళుక్య రాజ్యమే లేదు. కుబ్జవిష్ణువర్ధనునితో ఆ వంశం మొదలైనది 7వ శతాబ్దంలో. చెక్కిన అక్షరం ఒక్కటీ మారకుండానే, చదివే దిశ మారినంత మాత్రాన దాదాపు ఐదు శతాబ్దాల తేడా ఏర్పడుతుంది.

గమనింపదగిన అంశం మరొకటి ఉంది. శాసనకర్త సంవత్సరం ఒక్కటే చెప్పి ఊరుకోలేదు. సూర్యుడు సింహరాశిలో ఉండగా, కృష్ణ విదియ, ఉత్తరాభాద్ర నక్షత్రం, గురువారం, తులాలగ్నం అని వివరాలు చేర్చాడు. వీటిని బట్టి చరిత్రకారులు నిర్ణయించిన తేదీ 1022 ఆగస్టు 16. జూలియన్ పంచాంగం ప్రకారం ఆ రోజు గురువారమే. సంవత్సరాన్ని తప్పు వరుసలో చదివినవారికి తిథి, వార, నక్షత్రాలు ఒకదానితో ఒకటి పొసగడం దుర్లభం. వరుసను తెలిపే నియమం శాసనంలో లేకపోయినా, పఠనం సరైనదో కాదో తేల్చే సాక్ష్యం శాసనంలోనే ఉంది.

3. యంత్రాల్లో రెండు వరుసలు

కంప్యూటర్‌లోనూ స్థానవిలువ పద్ధతే ఉంది. అయితే అక్కడ ఒక్కొక్క స్థానం పదింతలు కాక, బైటు లెక్కన 256 ఇంతలు పెరుగుతుంది. పై శకవర్షాన్నే తీసుకొంటే 944 అంటే మూడు 256లు, మరొక 176. దీనిని రెండు బైట్లలో 3, 176 అని పెద్దస్థానం ముందుగా నిలపవచ్చు. 176, 3 అని చిన్నస్థానం ముందుగానూ నిలపవచ్చు. మొదటి పద్ధతి పేరు బిగ్ ఎండియన్, రెండవదాని పేరు లిటిల్ ఎండియన్. భూతసంఖ్యలు రెండవ పద్ధతికి చెందినవి. ఒక పద్ధతిలో రాసినదానిని మరొక పద్ధతిలో చదివితే 944 కాస్తా 45,059 అవుతుంది.

1964లో వెలువడిన ఐబీఎం సిస్టమ్/360 పెద్దస్థానాన్ని ముందుంచింది. 1970లో వచ్చిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ పీడీపీ-11 చిన్నస్థానాన్ని ముందుంచింది. ఇంటెల్ ప్రాసెసర్లు రెండవ దారిని అనుసరించడానికి ఒక చారిత్రక కారణం ఉంది. 1972 నాటి 8008 ప్రాసెసర్ డేటాపాయింట్ 2200 అనే యంత్రం నిర్మాణాన్ని అనుసరించి రూపొందింది. ఆ యంత్రం ఒక్కొక్క బిట్‌నే వరుసగా తీసుకొని కూడిక చేసేది. కూడికలో ఒకట్ల స్థానం ముందు రావాలి, అప్పుడే మిగులును పై స్థానానికి చేర్చగలం. పలకపై కూడిక చేసే బాలునికీ ఇదే క్రమం. ఆ సౌకర్యం కోసం ఏర్పడిన వరుస 8080, 8086 మీదుగా నేటి ప్రాసెసర్ల వరకు కొనసాగింది. 1979 నాటి మోటరోలా 68000 మాత్రం పెద్దస్థానం ముందన్న పద్ధతినే పాటించింది.

యూనిక్స్ వ్యవస్థను పీడీపీ-11 నుంచి వేరే యంత్రానికి తరలించినప్పుడు ‘యూనిక్స్’ అనే ఆంగ్లపదంలోని నాలుగు అక్షరాలు జంటలు జంటలుగా తారుమారై ‘నుక్సి’ అని కనిపించిన ఉదంతం ఆ రంగంలో ప్రసిద్ధం. ఈ సమస్యకే ఆ పేరు స్థిరపడింది. 1980 ఏప్రిల్ 1న డానీ కోహెన్ రాసిన వ్యాసం ఈ వివాదానికి బిగ్ ఎండియన్, లిటిల్ ఎండియన్ అనే పేర్లు పెట్టింది. జోనాథన్ స్విఫ్ట్ 1726లో ప్రచురించిన ‘గలివర్ ట్రావెల్స్’లో గుడ్డును ఏ కొసన పగులగొట్టాలన్న విషయంపై లిల్లీపుట్ ప్రజలు పోరాడతారు. పేర్లు అక్కడివి. ఏ వరుస మేలైనదన్న తర్కం కంటే అందరూ ఒకే వరుసకు ఒప్పుకోవడం ముఖ్యమని కోహెన్ తేల్చాడు.

బైట్ల వరుసతోనే భేదాలు ముగియలేదు. హైదరాబాద్‌లో 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా తయారుచేసిన యంత్రాలే ఇందుకు సాక్ష్యం. టీడీసీ-12 యంత్రంలో ఒక పదం పొడవు 12 బిట్లు, టీడీసీ-316లో 16 బిట్లు. ఒకే సంస్థ తయారీలోనే ఒక తరం యంత్రపు పదం మరొక తరం యంత్రపు పదంలో అచ్చంగా ఇమడదు. దశాంశ భిన్నాలను నిలిపే తీరు 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం వచ్చేవరకు సంస్థకొక రకంగా ఉండేది. రెండు బైట్ల సంఖ్య వెనుక నాలుగు బైట్ల సంఖ్య ఉంటే, కొన్ని వ్యవస్థలు నడుమ రెండు ఖాళీ బైట్లు ఉంచి 8 బైట్లు రాస్తాయి, మరికొన్ని 6 బైట్లతోనే సరిపెడతాయి. ప్రోగ్రాం తన జ్ఞాపకంలో ఉన్న సమాచారాన్ని ఉన్నది ఉన్నట్లు ఫైలులోకి దింపితే, ఈ యంత్రధర్మాలన్నీ ఫైలులో చేరిపోతాయి.

4. ఉపగ్రహ చిత్రాలు: ఒక బైటు నుంచి రెండు బైట్లకు

తెలుగు నేలపై ఈ సమస్య విస్తృతంగా ఎదురయ్యే రంగం దూరసంవేదనం. 1970ల మధ్యలో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన జాతీయ దూరసంవేదన సంస్థ, 1979 నుంచి షాద్‌నగర్ కేంద్రం ద్వారా లాండ్‌శాట్ ఉపగ్రహ సమాచారాన్ని అందుకొన్నది. ఆ సమాచారం వాడుకరులకు అయస్కాంత టేపులపై చేరేది. వాటిని ‘కంప్యూటర్ కంపాటిబుల్ టేపు’ అనేవారు. ఏ కంప్యూటర్‌లోనైనా చదవదగినదన్న హామీ ఆ పేరులోనే ఉంది.

ఆ హామీ నెరవేరాలంటే టేపుపై వరుసను ముందే నిర్ణయించాలి. నాలుగు వర్ణపట్టీల చిత్రాన్ని పట్టీ తరువాత పట్టీగా రాయవచ్చు, లేదా ఒక్కొక్క గీతకు నాలుగు పట్టీలనూ కలిపి రాయవచ్చు. రెండు పద్ధతులూ వాడుకలో ఉండేవి. లాండ్‌శాట్ భూకేంద్రాల నిర్వాహకులు కలిసి రూపొందించిన ఉమ్మడి టేపు అమరికలో ప్రతి రికార్డు మొదట 12 బైట్లు ఆ రికార్డు వరుస సంఖ్యకు, రకానికి, పొడవుకు కేటాయించారు. టేపులో ఏ ఫైళ్లు ఉన్నాయో తెలిపే సూచిక ముందుండేది. చిత్రం కంటే ముందు చిత్రం గురించిన వివరం చదివించడం ఈ ఏర్పాటు ఉద్దేశం.

తొలి దశలో చిత్రబిందువుల విషయంలో బైట్ల వరుస చిక్కు పెద్దగా లేదు. 1988 మార్చి 17న ప్రయోగించిన ఐఆర్‌ఎస్-1ఏ ఉపగ్రహంలోని లిస్ పరికరాలు వెలుతురును 7 బిట్లలో, అంటే 0 నుంచి 127 వరకు కొలిచేవి. అది ఒక్క బైటులో ఇమిడేది. ఒకే అంకెకు ముందు వెనుకలు ఉండవు. 2003 అక్టోబర్ 17న వెళ్లిన రిసోర్స్‌శాట్-1లోని ఏవిఫ్స్ పరికరం 10 బిట్లలో, 0 నుంచి 1023 వరకు కొలిచింది. ఆ విలువకు రెండు బైట్లు కావాలి. కొలత సూక్ష్మమైన కొద్దీ వరుస ప్రశ్న ప్రత్యక్షమైంది.

ఈ తప్పిదం ఎప్పుడూ బయటపడుతుందన్న నమ్మకం లేదు. ఒక బిందువు విలువ 600 అయితే బైట్లు తారుమారైనప్పుడు అది 22,530 అవుతుంది. 1023ను మించినందువల్ల పొరపాటు తెలిసిపోతుంది. విలువ 515 అయితే మాత్రం అది 770 అవుతుంది. ఆ సంఖ్యా సాధ్యమైనదే గనుక పరిశీలకుడు అనుమానించడానికి కారణమే కనిపించదు.

5. పట్టిసీమ ఎత్తుల ఫైలు

2000 ఫిబ్రవరిలో ఎండీవర్ నౌక రాడార్‌తో భూతలాన్ని కొలిచింది. ఆ కొలతల నుంచి తయారైన ఎత్తుల ఫైళ్లు ఒక్కొక్క అక్షాంశ రేఖాంశ గడికి ఒకటి చొప్పున లభిస్తాయి. పట్టిసీమ, పాపికొండలు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 81 డిగ్రీల తూర్పు రేఖాంశం మూలగా గల గడిలోకి వస్తాయి. తొలుత విడుదలైన రూపంలో ఈ ఫైలులో 1201 వరుసలు, వరుసకు 1201 బిందువులు, బిందువుకు రెండు బైట్లు ఉంటాయి. మొత్తం 28,84,802 బైట్లు. ఎత్తులు తప్ప ఫైలులో మరేమీ లేదు. గడి ఏదో ఫైలు పేరు చెబుతుంది. పెద్దస్థానం ముందన్న విషయం వేరుగా ఉన్న వివరణపత్రం మాత్రమే చెబుతుంది. భూతసంఖ్యల మాదిరిగానే ఇక్కడా నియమం పత్రం వెలుపల ఉంది.

నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న ప్రాసెసర్లు చిన్నస్థానాన్ని ముందుంచుతాయి. వివరణపత్రం చూడకుండా వాటిపై ఈ ఫైలు చదివితే, 15 మీటర్ల ఎత్తున్న నదీతీరం 3,840 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. 300 మీటర్ల కొండ 11,265 మీటర్లై ఎవరెస్టును మించుతుంది. ఇటువంటి తప్పులు చూడగానే తెలుస్తాయి.

తెలియనిది వేరొకటి ఉంది. కొండలోయల్లో రాడార్ కిరణం చేరని నీడలు ఏర్పడతాయి. కొలత దొరకని బిందువుల వద్ద ఎత్తుకు బదులు −32,768 అనే సంకేతం ఉంచారు. దాని బైట్లు 128, 0. అవి తారుమారైతే 0, 128 అవుతాయి. అంటే 128 మీటర్లు. ‘ఇక్కడ కొలత లేదు’ అన్న సంకేతం ‘ఇక్కడ ఎత్తు 128 మీటర్లు’ అన్న సమాచారంగా మారుతుంది. ఆ పరిసరాల్లో అది నమ్మదగిన ఎత్తే. పట్టిసీమకు ఎగువన ఉన్న పోలవరం జలాశయపు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఎవరైనా తారుమారైన ఫైలులో అసాధ్యమైన ఎత్తులను మాత్రమే తొలగించి, మిగిలినవాటితో ముంపు లెక్క వేశారనుకొంటే, కొలతే లేని బిందువు మట్టానికి ఎంతో ఎగువన ఉన్న సురక్షిత భూమిగా లెక్కకెక్కుతుంది. ఇది ఊహాత్మకమైన ఉదాహరణే. అయినా వరుస దోషంలో అపాయకరమైనది వికారంగా కనిపించే సంఖ్య కాదని, సహజంగా కనిపించే సంఖ్య అని ఇది నిరూపిస్తుంది.

6. ‘పట్టిసీమ’ అనే పేరు యంత్రంలో

సంఖ్యలకు వర్తించినది అక్షరాలకూ వర్తిస్తుంది. 1991 నాటి భారతీయ ప్రమాణం ఇస్కీ ప్రకారం ‘పట్టిసీమ’కు 8 బైట్లు చాలు. ప, ట, పొల్లు, ట, గుడి, స, గుడిదీర్ఘం, మ – ఒక్కొక్కదానికి ఒక్కొక్క బైటు. బైట్ల వరుస చిక్కు లేదు. కాని ఆ సంకేతాలు భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడివి. లిపి ఏదో వేరుగా తెలపాలి. అదే సంవత్సరం వెలువడిన యూనికోడ్ తెలుగుకు ప్రత్యేక స్థానం కేటాయించింది. రెండు బైట్ల రూపమైన యూటీఎఫ్-16లో ఈ పేరు 16 బైట్లు ఆక్రమిస్తుంది. పెద్దస్థానం ముందున్నప్పుడు ‘ప’ 12, 42 గానూ, ‘ట’ 12, 31 గానూ, ‘మ’ 12, 46 గానూ నిలుస్తాయి. తెలుగు అక్షరాలన్నిటికీ మొదటి బైటు 12.

జంటలు తారుమారైతే ‘ప’ స్థానంలో గణితశాస్త్రపు చతుస్సమాకలన చిహ్నం వస్తుంది. రెండు ‘ట’ల చోట గ్రీకు ఆల్ఫా రూపం ఒకటి నిలుస్తుంది. పొల్లు, గుడి, స, గుడిదీర్ఘం నాలుగూ చైనా అక్షరాలవుతాయి. ‘మ’ ఒక విరామచిహ్నంగా మారుతుంది. విండోస్ నోట్‌ప్యాడ్‌లో ఫైలు భద్రపరచేటప్పుడు ‘యూనికోడ్’, ‘యూనికోడ్ బిగ్ ఎండియన్’ అని రెండు ఎంపికలు చాలాకాలం ఉండటానికి కారణం ఈ ద్వైవిధ్యమే.

ఈ చిక్కుకు యూనికోడ్ చూపిన ఉపాయం వరుస సూచిక. ఫైలు మొదట 254, 255 ఉంటే పెద్దస్థానం ముందు, 255, 254 ఉంటే చిన్నస్థానం ముందు. తారుమారైన రూపానికి సరిపోయే సంకేతాన్ని ఎన్నడూ ఏ అక్షరానికీ ఇవ్వరాదని ప్రమాణమే నిషేధించింది. అందువల్ల సందిగ్ధతకు తావు లేదు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 మరొక దారి తొక్కింది. అందులో బైట్ల క్రమం సంకేత నిర్మాణంలోనే స్థిరమైపోయింది. ‘ప’ ఏ యంత్రంలోనైనా 224, 176, 170 మాత్రమే. ‘పట్టిసీమ’ 24 బైట్లకు పెరుగుతుంది, వరుస ప్రశ్న తలెత్తదు. ఇస్కీలో 8, యూటీఎఫ్-16లో 16, యూటీఎఫ్-8లో 24 – చోటును వెచ్చించి సందేహాన్ని తొలగించుకొన్న చరిత్ర ఈ మూడు సంఖ్యల్లో ఉంది.

7. పరిష్కార మార్గాల పరిశీలన

పై ఆధారాల్లో కనిపించే పరిష్కారాలు మూడు విధాలు.

మొదటిది ఒకే వరుసను శాసించడం. ఇంటర్నెట్ సందేశాల శీర్షికల్లో పెద్దస్థానం ముందన్న నియమం నేటికీ అమల్లో ఉంది. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ రూపొందించి 1987లో ప్రకటించిన ఎక్స్‌డీఆర్ ప్రమాణం ప్రతి అంశాన్నీ నాలుగు బైట్ల గుణకాల్లో, పెద్దస్థానం ముందుగా రాయాలన్నది. దీనివల్ల ఖాళీ బైట్ల భేదమూ తొలగింది. లోపమేమంటే, చిన్నస్థానం ముందుంచే రెండు యంత్రాలు మాట్లాడుకొన్నా ఇద్దరూ తిప్పి రాయవలసి వస్తుంది.

రెండవది ఏ వరుసలో రాసినా ఆ విషయం ఫైలులోనే తెలపడం. 1986లో ఆల్డస్ సంస్థ ప్రవేశపెట్టిన టిఫ్ చిత్రరూపం ఇందుకు చక్కని ఉదాహరణ. నేడు ఉపగ్రహ చిత్రాలు విరివిగా లభించే జియోటిఫ్ దీనిపై ఏర్పడినదే. ఫైలు మొదట ఇంటెల్‌ను సూచించే ‘ఐ’ అక్షరం రెండుసార్లు, లేదా మోటరోలాను సూచించే ‘ఎం’ అక్షరం రెండుసార్లు ఉంటుంది. ఒకే అక్షరాన్ని రెండుమార్లు ఉంచడంలో ఔచిత్యం ఉంది. తారుమారైనా ఆ జంట మారదు, కనుక వరుస తెలియకముందే దానిని చదవవచ్చు. ఆ వెంటనే 42 అనే సంఖ్య రెండు బైట్లలో ఉంటుంది. వరుసను సరిగా గ్రహించినవారికి మాత్రమే అది 42గా కనిపిస్తుంది. కోరుమిల్లి శాసనంలో గురువారం చేసిన పని ఇక్కడ 42 చేస్తున్నది.

మూడవది వరుస భేదానికి అవకాశమే లేని రూపాన్ని ఎంచుకోవడం. యూటీఎఫ్-8, అక్షరాల్లో రాసిన సంఖ్యలు ఈ కోవకు చెందుతాయి. ఫైలు పెరుగుతుంది, చదివే వేగం తగ్గుతుంది. అందువల్ల కోట్ల బిందువులు గల చిత్రాలకు ఈ మార్గం అనువు కాదు.

ఈ మూడింటిలోనూ ప్రాసెసర్లన్నీ ఒకే విధంగా ఉండాలన్న షరతు లేదు. యంత్రం జ్ఞాపకంలోని రూపం వేరు, ఫైలులోని రూపం వేరు అన్న వివేకమే మూడింటికీ పునాది.

8. ముగింపు

నేటి సొంత కంప్యూటర్లలో, చేతిఫోన్లలో చిన్నస్థానం ముందుంచే ప్రాసెసర్లదే ఆధిక్యం. యాపిల్ సంస్థ కంప్యూటర్లు 2006లో పవర్‌పీసీ నుంచి ఇంటెల్‌కు మారడంతో సాధారణ వాడుకరి ఇంట పెద్దస్థానం ముందుంచే యంత్రం దాదాపు కనుమరుగైంది. సమస్య తీరిపోయిందన్న భావన ఇందువల్ల కలుగుతున్నది. వాస్తవానికి మారినది సమస్య స్వభావం. రెండు వరుసలూ ఎదురెదురుగా ఉన్న రోజుల్లో పొరపాటు వెంటనే బయటపడేది. ఒకే వరుస సర్వత్రా ఉన్నప్పుడు ఎవరూ నియమాన్ని రాసిపెట్టరు. పాత టేపుల నుంచి, పాత యంత్రాల నుంచి తరలివచ్చిన ఫైళ్లు చదివే నియమం తెలిసినవారు తగ్గిపోతారు.

గోదావరి ప్రాంతపు సర్వే కొలతలు, నదీమట్టాలు, ఉపగ్రహ చిత్రాలు, తెలుగు గ్రంథాల సంఖ్యాత్మక ప్రతులు భద్రపరచే సంస్థలకు ఈ చరిత్ర కొన్ని కర్తవ్యాలను సూచిస్తున్నది. ఫైలుతో పాటు బైట్ల వరుస, సంఖ్య పొడవు, భిన్నాల పద్ధతి, కొలత లేని చోట వాడిన సంకేతం నమోదు చేయాలి. వీలైన చోట ఆ వివరాన్ని ఫైలు లోపలే నిలపాలి. చదివినది సరైనదో కాదో తేల్చుకోవడానికి తెలిసిన విలువలు కొన్నింటిని జతచేయాలి. ఉదాహరణకు పట్టిసీమ ఎత్తుల ఫైలుకు, విడిగా కొలిచి నిర్ధారించిన రెండు మూడు చోట్ల మట్టాలు తోడుంటే, వరుస తప్పిన పఠనం మొదటి పరిశీలనలోనే పట్టుబడుతుంది. కోరుమిల్లి శాసనం రాయించినవారు సంవత్సరంతో పాటు తిథిని, వారాన్ని, నక్షత్రాన్ని కూడా చెక్కించారు. వెయ్యేళ్ల తరువాత ఆ తేదీని నిర్ధారించడం అందువల్లనే సాధ్యమైంది.